మూడో హోల్‌స్టర్ వచ్చాక గానీ నిద్ర పట్టలేదు

ముందే చెప్తున్నా, ఇది తుపాకీ రివ్యూ కాదు, తుపాకీ పెట్టుకునే తోలు సంచీ రివ్యూ. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. ఆర్మీలో పద్దెనిమిదేళ్లు చేసి హవల్దారుగా రిటైరై వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నా, హోల్‌స్టర్ అంటే బెల్టుకి తగిలించే ఒక తొడుగు, ఏదైతే ఏంటిలే అని. సర్వీసులో నా చేతిలో ఎప్పుడూ రైఫిలే, దానికి స్లింగు ఉంటుంది, భుజాన ఉంటుంది, అయిపోయింది. నడుముకి చిన్న తుపాకీ కట్టుకుని జనంలో తిరగడం వేరే చదువు అని బయటికొచ్చాకే తెలిసింది.

మాది గుంటూరు. ఇప్పుడు బెజవాడలో ఒక నగల షాపులో గన్‌మెన్‌గా చేస్తున్నా. పొద్దున్నే బస్సెక్కి మంగళగిరి, తాడేపల్లి మీదుగా వారధి దాటి పండిట్ నెహ్రూ బస్టాండులో దిగడం, అక్కణ్ణించి గవర్నరుపేట దాకా నడక, రాత్రి షట్టర్ వేశాక మళ్లీ అదే దారి. నడుముకి కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్, నా సొంత లైసెన్సు మీద తీసుకున్నది. మనలాంటి మామూలు లైసెన్సుదారుకి 9 ఎంఎం, .38 లాంటివి ఇవ్వరు, అవి నిషేధిత బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు) కింద లెక్క, అందుకే ఈ పని చేసే వాళ్లలో చాలామంది దగ్గర కనిపించేది .32యే. ఆరు గుళ్లు, మధ్యలో విరిచి తెరిచే పాత బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ల తరహా. గుళ్లతో కలిపి దాదాపు ముప్పావు కిలో. ముప్పావు కిలో అంటే ఏముందిలే అనిపిస్తుంది కదా, పన్నెండు గంటలు కుడి తుంటి మీద వేలాడదీసుకుని నిలబడి చూడండి, తర్వాత మాట్లాడదాం.

ఒక సంగతి. దాచుకుని పెట్టుకునేవాడికి ఉన్న రక్షణల్లా అది ఉన్నట్టు ఎవరికీ తెలియకపోవడమే. మాకు ఆ సుఖం లేదు, మాకు జీతం ఇచ్చేదే అది కనబడాలని. షాపు గుమ్మంలో నిలబడితే లోపలికొచ్చే ప్రతివాడి చూపూ ముందు మొహం మీద పడుతుంది, తర్వాత నడుము మీదికి దిగుతుంది. ఏ పక్కన ఉంది, బటన్ పెట్టి ఉందా, పిడి ఎటు తిరిగి ఉంది, ఇవన్నీ చూడాలనుకున్నవాడు తీరిగ్గా టీ తాగుతూ చూసుకోవచ్చు. కాబట్టి నా లాంటి వాడికి హోల్‌స్టర్ మొదటి పని తుపాకీ త్వరగా తీయనివ్వడం కాదు, వేరేవాణ్ణి తీయనివ్వకపోవడం. తీయాల్సిన అవసరం ఈ నాలుగేళ్లలో నాకు ఒక్కసారీ రాలేదు. ఊడిపోయేంత పని మాత్రం ఒకసారి అయింది, అది చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

మొదటి హోల్‌స్టర్ ఆన్‌లైన్లో కొన్నది. నైలాన్ గుడ్డ, 450 రూపాయలు, అన్ని రకాల తుపాకులకీ సరిపోతుందని రాశారు. అన్నిటికీ సరిపోయేది దేనికీ సరిపోదని నాకు అప్పుడు తట్టలేదు. పైన వెల్‌క్రో పట్టీ, వెనక బెల్టుకి ప్లాస్టిక్ క్లిప్పు. అప్పట్లో గుంటూరులోనే ఒక మిర్చి వ్యాపారి దగ్గర చేసేవాణ్ణి, సీజన్లో యార్డుకి క్యాష్ వెంట వెళ్లడం రావడం. మిర్చి యార్డు సంగతి గుంటూరోళ్లకి చెప్పక్కర్లేదు, ఫిబ్రవరి మార్చిల్లో లోపలికి అడుగుపెడితే ముక్కు కంటే ముందు కళ్లు మండుతాయి. ఆ ఘాటు దుమ్ము, గోనె పీచు అంతా పోయి వెల్‌క్రోలో కూర్చునేది. రెండు నెలలకి దాని పట్టు ఎంతకి వచ్చిందంటే, వేలితో కాదు, ఊదితే ఊడేలా తయారైంది. టూత్‌బ్రష్‌తో గీకి, మళ్లీ అంటించి, అలాగే లాక్కొచ్చా. లాక్కురాకూడదు. అది నా తప్పు.

బెజవాడ ఉద్యోగానికి మారాక, 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఫ్రీ బస్సు వచ్చిన కొత్తలో ఒక సోమవారం. బస్సు కిక్కిరిసి ఉంది, మెట్ల మీద కూడా జనం. నేను నిలబడి రాడ్డు పట్టుకున్నా, ఎడమ చేత్తో టిఫిన్ బాక్సు, అంటే రెండు చేతులూ పనిలో ఉన్నాయి, అది ఇంకో తప్పు. మంగళగిరిలో ఇంకో పాతికమంది ఎక్కారు. వెనక నుంచి ఒక కాలేజీ కుర్రాడు "జరుగు బాబాయ్, జరుగు" అంటూ తోసుకుంటూ ముందుకి పోతున్నాడు, వాడి బ్యాగు పట్టీ వేలాడుతూ వచ్చి నా హోల్‌స్టర్ వెల్‌క్రో పట్టీ కిందికి దూరింది. వాడికి తెలియదు పాపం. వాడు ముందుకి పోతున్నాడు, పట్టీ లాగుతోంది, ఆ గోలలో వెల్‌క్రో ఊడిన చప్పుడు కూడా నాకు వినపడలేదు. నాకు తెలిసిందల్లా కుడి తుంటి మీద బరువు ఒక్కసారిగా తగ్గడం. ఆ తగ్గడం ఎలా ఉంటుందంటే, చంకలో పిల్లవాడు జారినట్టు. టిఫిన్ బాక్సు వదిలేసి చెయ్యి కిందికి కొట్టా. పిడి సగానికి పైగా బయట ఉంది, తొడకీ సీటు రాడ్డుకీ మధ్య ఇరుక్కుని ఆగింది. పులిహోర బస్సంతా పోయింది. కండక్టరు నన్ను తిట్టాడు, పక్కన కూర్చున్న పెద్దావిడ "పోన్లే నాయనా, చీర ఉతుక్కుంటా" అంది. ఎవరూ తుపాకీని చూడలేదు. బెజవాడలో దిగాక బస్టాండు బల్ల మీద కూర్చుంటే పావుగంట దాకా మోకాళ్లు నిలవలేదు. కిందపడి ఎవడి కాళ్ల కిందికో పోయి ఉంటే? స్టేషన్, రిపోర్టు, లైసెన్సు, ఉద్యోగం, అన్నీ వరసగా కళ్ల ముందు తిరిగాయి.

ఆ రోజు సాయంత్రమే రెండోది కొన్నా. పోలీసు యూనిఫాం సామాన్లు అమ్మే కొట్లో రెడీమేడ్ తోలు పౌచ్, 900. పైన పెద్ద మూత, మూతకి ఒక టిచ్ బటన్. చూడ్డానికి దిట్టంగా ఉంది. మూత మొత్తం కప్పేస్తుంది కాబట్టి బ్యాగు పట్టీలు, చీర కొంగులు తగులుకునే గొడవ పోయింది. ఆ లెక్కన మొదటిదానికంటే వంద రెట్లు నయం. కానీ లోపల రివాల్వర్ గిలకలా ఆడేది. నడుస్తుంటే టక టక. అంటే పట్టి ఉంచేది ఆ ఒక్క బటనే, తోలు ఏమీ పట్టుకోవడం లేదు. ఇంకోటి, తోలు మెత్తగా ఉండి నోరు మూసుకుపోయేది, లోపల పెట్టేటప్పుడు అంచు మడత పడి ట్రిగ్గర్ గార్డులోకి, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీలోకి, వెళ్లేది. రివాల్వర్ ట్రిగ్గర్ బరువుగానే ఉంటుంది, నిజమే, అయినా మడతపడ్డ తోలు ముక్క కూడా వేలు చేసే పనే చేస్తుంది, అది మర్చిపోకూడదు. అందుకని రెండో చేత్తో నోరు తెరిచి పట్టుకుని పెట్టాల్సి వచ్చేది. రెండో చెయ్యి తుపాకీ మూతి ముందుకి వస్తోందన్నమాట. ఇది బాగోలేదని అనిపించింది గానీ డబ్బులు పెట్టాం కదా అని మూడు నెలలు వాడా.

ఈలోగా కొంచెం చదివా. అమెరికాలో ఈ విషయం మీద పెద్ద శాస్త్రమే ఉంది, అక్కడ పోలీసుల తుపాకీ లాక్కుని వాళ్లనే కాల్చిన సంఘటనలు చాలా జరిగాయి కాబట్టి. బిల్ రోజర్స్ అని ఒకాయన, ఎఫ్‌బీఐలో చేసి హోల్‌స్టర్లు తయారుచేసిన మనిషి, ఒక పరీక్ష పెట్టాడు: హోల్‌స్టర్‌లో తుపాకీ పెట్టుకుని ఒకడు నిలబడితే ఇంకొకడు పిడి పట్టుకుని అయిదు సెకన్లు ఏ వైపుకైనా బలంగా లాగాలి, రాకూడదు. అది నిలిస్తే లెవెల్ 1. ఒక తాళం, అంటే పట్టీయో బటనో, తీశాక కూడా నిలిస్తే లెవెల్ 2, రెండు తీశాక కూడా నిలిస్తే లెవెల్ 3. అంటే లెవెల్ అనేది ఎన్ని బటన్లు ఉన్నాయన్న లెక్క కాదు, లాగితే ఆగుతుందా లేదా అన్న లెక్క. మన ఆన్‌లైన్ సైట్లలో "లెవెల్ 2" అని రాసి అమ్మేవాళ్లలో ఎంతమంది లాగి చూశారో మరి. ఇంకో రకం ఉంది, చూపుడు వేలితో పక్కన మీట నొక్కితే వదిలేది, బ్లాక్‌హాక్ అనే కంపెనీ వాళ్ల సెర్పా. తొందరలో గట్టిగా నొక్కిన ఆ వేలు తుపాకీ పైకి రాగానే తిన్నగా ట్రిగ్గర్ మీదికి పోతుందని అక్కడ చాలా ట్రైనింగ్ స్కూళ్లు దాన్ని రానివ్వడం మానేశాయి. బొటనవేలితో తీసేవి మంచివి అన్నది నాకు అర్థమైంది, ఎందుకంటే పిడి పట్టుకునేటప్పుడు బొటనవేలికి వేరే పని లేదు.

సరే, అక్కడ వాడే ఇలాంటి గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్లు మనకి పనికొస్తాయా అంటే, రావు. అవి ఒక్కో మోడల్‌కి అచ్చు పోసి చేస్తారు, ఎక్కువ గ్లాక్ పిస్టల్‌కి. హైదరాబాదులో ఒక పెద్దమనిషికి గన్‌మెన్‌గా ఉన్న పోలీసు మిత్రుడు తనది చూపిస్తే కుళ్లుకున్నా, టక్‌మని పడుతుంది, టక్‌మని వస్తుంది. కాన్పూర్ రివాల్వర్‌కి అలాంటిది అచ్చు పోసినవాడు నాకైతే దొరకలేదు. కాబట్టి మిగిలింది తోలు, అదీ కుట్టించుకోవడం.

వన్ టౌన్లో కాళేశ్వరరావు మార్కెట్టుకి కాస్త అవతల ఒక సందులో తోలు పనివాడు ఒకాయన ఉంటాడు, బోర్డు లేదు, అందుకే పేరు రాయడం లేదు. అరవై దాటిన పెద్దాయన, చెప్పులు, బెల్టులు, గుర్రబ్బండి ఉన్న రోజుల్లో వాటి సామాను కూడా కుట్టేవాడట. నేను వెళ్లి సంగతి చెప్తే మొదటి మాట, "తుపాకీ ఇచ్చి వెళ్లు బాబూ, కొలత తీసుకుంటా." అదెలా ఇస్తాను? లైసెన్సు నా పేరు మీద ఉంది, అది నా ఒంటి మీదే ఉండాలి. "అయితే కుదరదు, కొలత లేకుండా కుడితే గోనెసంచే అవుద్ది" అన్నాడు. ఆ మాటకే ఆయన మీద నమ్మకం కుదిరింది.

దానికి మా వీధి వడ్రంగి చేత టేకు ముక్కతో అచ్చం అదే కొలతల్లో ఒక డమ్మీ చేయించా. మూడు సిట్టింగులు పట్టింది, నేను ఇంట్లో గుళ్లు తీసేసి బీరువాలో వేరే పెట్టి, స్కేలు పెట్టి కొలుచుకుని కాగితం మీద గీసుకురావడం, అతను చెక్కడం, మళ్లీ నేను సరిచూడడం. గుళ్లు పెట్టే సిలిండర్ పొంగు, విరిచే గొళ్లెం మీట, గుండుని కొట్టే వెనక సుత్తి (హ్యామర్) వంపు అన్నీ రావాలి. షాపుకి తీసుకెళ్తే మా క్యాషియరు "ఏం మిలిటరీ, కొండపల్లి బొమ్మ తెచ్చుకున్నావ్" అని నెల రోజులు ఏడిపించాడు. నిజానికి కొండపల్లి బొమ్మల తెల్ల పొనికి కర్ర అయితే తేలికగా చెక్కొచ్చు గానీ ఈ పనికి ఆగదు, తడి తోలు బిగించి నొక్కితే నలిగిపోతుంది.

పెద్దాయన పనితనం అక్కడ చూశా. ముందు తోలు అంచు కోసి చూపించాడు. "ఇది క్రోమ్ తోలు, చూడు, లోపల నీలంగా ఉంది. మెత్తగా ఉంటది, ఆకారం నిలవదు, పైగా ఇనుముకి పడదు. ఇది చెట్టు తోలు, అంచు మొత్తం గోధుమ రంగే." చెట్టు తోలు అంటే తుమ్మ చెక్క, తంగేడు చెక్క, కరక్కాయ లాంటి వాటిలో ఊరేసి శుద్ధి చేసిన తోలు. దాన్ని నీళ్లలో ముంచి తీసి, డమ్మీకి ప్లాస్టిక్ కవర్ చుట్టి, తడి తోలుని దాని మీద వేసి బొటనవేళ్లతో, తర్వాత ఒక నున్నటి కొమ్ము ముక్కతో నొక్కుతూ పోయాడు. సిలిండర్ ముందు అంచు దగ్గర, ట్రిగ్గర్ గార్డు చుట్టూ పదేపదే. నీడలో రెండు రోజులు ఆరబెట్టాడు. ఆరాక డమ్మీ పెట్టి తలకిందులు చేసి ఊపాడు, బటన్ పెట్టకుండానే. కదల్లేదు. తోలే పట్టుకుంది. ఆ గిలక చప్పుడు ఎందుకొచ్చేదో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

నేను అడిగి చేయించుకున్నవి నాలుగు. సుత్తి మీదుగా వచ్చే ఒక పట్టీ, బొటనవేలితో లోపలివైపు నుంచి తోస్తే ఊడేలా, బయటివాడు ముందు నుంచి లాగితే ఊడకుండా. దాని మీద పాత పోలీసు తరహా మూత, కానీ పొట్టిది, పిడి సగం దాకానే. నోటి దగ్గర లోపల ఒక గట్టి తోలు పట్టీ, మూసుకుపోకుండా. ఇక ఎడమవైపు, అంటే ఒంటికి తగిలే వైపు, రివాల్వర్ విరిచే మీట దగ్గర తోలు బిగించకుండా కాస్త ఖాళీ. ఈ చివరిది ఎవరూ చెప్పరు, రెడీమేడ్ దానిలో నా తొడ ఒత్తిడి ఆ మీట మీద పడుతుండేది, ఎప్పుడో ఒకరోజు బయటికి తీస్తే చేతిలో రెండు ముక్కలుగా తెరుచుకుంటుందేమోనని టెన్షన్ ఉండేది.

2,200 తీసుకున్నాడు. పది రోజులన్నాడు, ముప్పై నాలుగు రోజులు తిప్పాడు. "రేపు రా" అన్న మాట అయిదుసార్లు విన్నా. పెళ్లిళ్ల సీజన్, చెప్పుల ఆర్డర్లు అంటాడు. తొందరున్నవాళ్లు వెళ్లకండి.

వచ్చాక ఇంటి దాబా మీద రోజర్స్ పరీక్ష పెట్టా. టేకు డమ్మీతో, అసలుది బీరువాలో తాళం వేసి ఉంది, ఇది రెండుసార్లు చెప్తున్నా ఎందుకంటే ఎవరో ఒకరు గుళ్లు తీశాం కదా అని అసలుదాంతో ఆడతారు. లాగడానికి మా బావమరిది కొడుకు, కబడ్డీ ఆడతాడు, చేతులు రోకళ్లలా ఉంటాయి. "మామయ్యా, నిజంగా లాగనా?" "లాగరా." మొదట ఆ నైలాన్‌ది కట్టుకున్నా, సరదాకి. ఒక్క గుంజుకి డమ్మీ వాడి చేతిలో ఉంది, క్లిప్పు విరిగి దాబా అవతల పడింది. రెండోది, రెడీమేడ్ మూత పౌచ్. బటన్ ఆగింది, మూత ఆగింది, కానీ వెనక బెల్టు లూపు రివిట్లు పీక్కొచ్చేశాయి, డమ్మీ పౌచ్‌తో సహా వాడి చేతికి పోయింది! అంటే తలుపుకి తాళం బాగానే ఉంది, తలుపే ఊడింది. ఇది నేను ఊహించనిది.

మూడోది. ముందు నుంచి లాగాడు, రాలేదు. వెనక నుంచి రెండు చేతులతో పైకి ఎత్తాడు, నేను మునివేళ్ల మీద లేచా గానీ అది రాలేదు. పక్కకి మెలిపెట్టాడు, అప్పుడు హోల్‌స్టర్ బెల్టు మీద జారుకుంటూ తుంటి మీద నుంచి బొడ్డు దగ్గరికి వచ్చేసింది. తుపాకీ పోలేదు, కానీ అక్కడికొచ్చాక నా చెయ్యి దాన్ని సరిగ్గా అందుకోలేదు, వాడి చెయ్యే దగ్గర. కారణం చూస్తే లూపులు రెండంగుళాల వెడల్పు, నా బెల్టు ఒకటిన్నర. మళ్లీ పెద్దాయన దగ్గరికి. లూపులు బెల్టుకి సరిగ్గా సరిపోయేలా కుట్టించి, బెల్టు కూడా ఆయన దగ్గరే రెండు పొరల తోలుతో చేయించా, ఇంకో 800. పాంటు బెల్టు లూపు ఒకటి హోల్‌స్టర్ రెండు లూపుల మధ్యకి వచ్చేలా ఎక్కిస్తే ఇక జరగదు. మళ్లీ లాగించా. ఈసారి నేనే కిందపడ్డా, అది మాత్రం ఉన్నచోటే ఉంది. మా ఆవిడ కింద నుంచి "పైన ఏం కూలుస్తున్నారు" అని అరిచింది.

బెల్టు గురించి ఇంత ఎందుకంటే, వందలూ వేలూ పెట్టి హోల్‌స్టర్ కొని, పెళ్లికి కట్టుకునే పల్చటి బెల్టుకి తగిలించేవాళ్లని రోజూ చూస్తున్నా. బెల్టు వంగితే హోల్‌స్టర్ బయటికి వాలుతుంది, వాలితే పిడి ఒంటికి దూరమవుతుంది, అప్పుడు వెనకవాడికి పట్టు దొరుకుతుంది.

ఎక్కడ పెట్టుకోవాలన్నది కూడా రాయాలి. మా లైన్లో కొందరు పొట్ట మీద అడ్డంగా, పిడి ముందుకి తిరిగేలా పెట్టుకుంటారు, కూర్చోవడానికి సుఖం అని. ఎదురుగా నిలబడ్డవాడికి అది షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టే. కొందరు నడుము వెనక. వెనక ఏముందో నీకే కనపడదు. కుడిచేతి వాటం వాడికి కుడి తుంటి మీద, ప్యాంటు పక్క కుట్టుకి కాస్త వెనగ్గా, మోచెయ్యి దించితే పిడి మీద వచ్చి కూర్చోవాలి. నేను బస్సులో ఇప్పుడు ఎడమ చేత్తోనే రాడ్డు పట్టుకుంటా, కుడి మోచెయ్యి కిందికే, వీలైతే కుడివైపు కిటికీ గోడకి ఆనుకుంటా. టిఫిన్ బాక్సు భుజానికి వేసుకునే సంచీలోకి మారింది. ఎవడైనా పిడి మీద చెయ్యి వేస్తే తుపాకీ తీయడం కాదు చేయాల్సింది, వాడి చెయ్యి మీద నీ చెయ్యి వేసి కిందికి, హోల్‌స్టర్లోకే అదిమి, తుంటి వెనక్కి తిప్పి, గొంతు చించుకుని అరవడం. హోల్‌స్టర్ ఇచ్చేది ఆ రెండు మూడు సెకన్లే, మిగతాది మన పని.

కుర్చీ సంగతి ఒకటి. షాపులో చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ వేశారు. కూర్చున్నప్పుడల్లా కుర్చీ చెయ్యి హోల్‌స్టర్ అడుగుకి తగిలి తుపాకీని పైకి తోస్తుంది. నైలాన్ దాంతో అయితే కూర్చోవడం లేవడంలోనే సగం బయటికి వచ్చేసేది, చూసుకుని నెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు స్టూలు వేయించుకున్నా. బాత్రూం సంగతి ఇంకా ముఖ్యం, ఎవరూ రాయరు: బెల్టు విప్పగానే ముప్పావు కిలో బరువు ఒక పక్కకి లాగి నేలకి కొడుతుంది, అది భరించలేక తీసి కిటికీ మీదో ఫ్లష్ ట్యాంకు మీదో పెట్టి మర్చిపోయి వచ్చినవాళ్లు ఉన్నారు. హోల్‌స్టర్ లోంచి తీయొద్దు. బెల్టు బకిల్‌ని మోకాళ్ల దగ్గర మళ్లీ పెట్టుకుని ప్యాంటులోనే ఉంచుకోండి. చదవడానికి నవ్వుగా ఉంటుంది, ఉండనివ్వండి.

లాన్యార్డ్, అంటే తుపాకీ జారినా పడకుండా కట్టే తాడు, కూడా వేశా. నా రివాల్వర్ పిడి అడుగున రింగు ఉంది, పోలీసులు దానికే తాడు కట్టి భుజం మీదుగా వేసుకుంటారు. నేను మెడకి వేసుకోను, గుంజులాటలో అదే ఉరితాడు అవుతుంది. టెలిఫోన్ వైరులా చుట్టలు తిరిగిన తాడు ఒకటి బెల్టుకి తగిలించా. తుపాకీ ఎలాగో జారినా నేల మీద పడదు, నాకు వేలాడుతుంది. 150 రూపాయలు. అసలు ఆ రోజు బస్సులో ఈ ఒక్కటి ఉన్నా పులిహోర మిగిలేది.

తీసే వేగం అడుగుతారు కదా, సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూశా, డమ్మీతోనే. నైలాన్‌ది ఒకటిన్నర సెకను. రెడీమేడ్ మూతది నాలుగు. ఇది మొదట్లో నాలుగు, రోజుకి ఇరవైసార్లు చొప్పున రెండు నెలలు చేశాక రెండున్నరకి వచ్చింది. మూత ఎత్తడం, బొటనవేలు తోయడం, తీయడం ఒకే ఊపులో రావాలి. సినిమాలో లాగా ఉండదు. నాకు చాలు.

చట్టం సంగతి రెండు ముక్కలు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం చేతి తుపాకీని జనంలోకి తీసుకెళ్తే దానికోసం చేసిన హోల్‌స్టర్ లాంటి దాంట్లో, ఒంటికి తగిలించుకుని ఉండాలి, బయటికి తీసి ఊపడం కుదరదు. జేబులో వేసుకుని తిరిగే పెద్దమనుషులు ఇది చదువుకోవాలి. 2019 సవరణతో పెళ్లిళ్లలో గాల్లోకి కాల్చి జనం ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, రెండూ కూడా. అదే సవరణలో పోలీసుల దగ్గర్నుంచో సైన్యం దగ్గర్నుంచో తుపాకీ బలవంతంగా లాక్కుంటే పదేళ్లకి తగ్గకుండా జైలు, యావజ్జీవం దాకా. ఆ మాట మాలాంటి ప్రైవేటు గన్‌మెన్‌ల గురించి రాసింది కాదు. మాకు మా బటనే.

ఇక దీన్లో లోపాలు. కొత్తలో కిర్రుకిర్రుమంటుంది, నిశ్శబ్దంగా ఉండే ఏసీ షాపులో నేను కదిలితే కస్టమర్లు తిరిగి చూసేవాళ్లు, రెండు నెలలకి తగ్గింది. పట్టీ టిచ్ బటన్ వెనక భాగం లోపల రివాల్వర్‌కి రాసుకుని ఒక గీత పడింది, తర్వాత పల్చటి తోలు ముక్క అంటించాడు గానీ పడ్డ గీత పడ్డట్టే ఉంది. చెమట. మే నెలలో బెజవాడ ఎండ సంగతి తెలిసిందే, ఒంటివైపు తోలు సాయంత్రానికి తడిసి నల్లబడుతుంది. తోలు హోల్‌స్టర్లో తుపాకీ రాత్రి ఉంచకూడదు, తేమ పట్టి తుప్పు వస్తుంది. నేను ఇంటికి రాగానే తీసి, గుళ్లు తీసి, నూనె గుడ్డతో తుడిచి వేరే పెడతా, హోల్‌స్టర్‌ని ఫ్యాను కింద. ఎండలో పెడితే బిగుసుకుపోతుంది, పెట్టొద్దు. బెల్టుకి గుళ్ల కోసం తోలు లూపులు కుడతానంటే వద్దన్నా, తోల్లో ఉంచితే ఇత్తడికి చిలుము పడుతుంది, పచ్చగా జిగటగా తయారై ఛాంబర్లో, అంటే గుండు కూర్చునే గూట్లో, ఇరుక్కుంటాయి. వానలో రెండుసార్లు బాగా తడిసింది, ఆకారం కొంచెం వదులైంది, కానీ తలకిందులు చేస్తే ఇప్పటికీ పడడం లేదు, అదీ బటన్ లేకుండా. నెలకోసారి డమ్మీతో చూసుకుంటా.

నైలాన్‌దానికి ఒక్క స్టారు కూడా ఎక్కువే. రెడీమేడ్ పౌచ్‌కి మూడు, రివిట్లు తీసేసి కుట్టు వేయించుకునేట్టయితేనే. ఈ కుట్టించుకున్నదానికి నాలుగున్నర, ఆ అర తగ్గించింది అయిదు "రేపు రా"లకి. మా షాపు రెండో గన్‌మెన్ కూడా ఒకటి కావాలన్నాడు, అతనిది .32 పిస్టల్, నా డమ్మీ పనికిరాదు. వడ్రంగి మళ్లీ మొదలుపెట్టాడు. క్యాషియరు మాత్రం ఈసారి రెండు బొమ్మలకి కలిపి దసరా బొమ్మల కొలువులో చోటు ఇస్తానంటున్నాడు.